బీరు చేయడం కళా, పనితనమా? ఒకే బీరు రెండుసార్లు చేసి మీరే తేల్చుకోండి

ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళు నలుగురు కలిస్తే రెండో గ్లాసు అయ్యేసరికి ఈ వాదన రాక తప్పదు, ఇది కళా లేక పనితనమా అని. కళ అనేవాడు మామూలుగా ఈ మధ్యే మొదలుపెట్టినవాడు అయ్యుంటాడు, మామిడి గుజ్జు వేశా, యాలకులు వేశా, జీడిపప్పు వేసి స్టౌట్ అనే నల్ల బీరు చేశా అని ఫోన్‌లో ఫోటోలు చూపిస్తుంటాడు. పనితనం అనేవాడు ఆ గ్లాసు వాసన చూసి ఏం మాట్లాడకుండా కింద పెడతాడు. నన్నడిగితే ఇది మాటలతో తేలే గొడవ కాదు. ఒక మామూలు పేల్ ఏల్, అంటే లేత రంగు బీరు చెయ్యండి, తర్వాత కాగితం ముందు పెట్టుకుని అచ్చం అదే బీరు ఇంకోసారి చెయ్యండి, రెండూ పక్కపక్కన పోయించుకుని తేడా పట్టగలరేమో చూడండి. ఎలా చెయ్యాలో మొత్తం కింద రాస్తున్నా, కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

ముందు లీగల్ సంగతి. ఇది అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ కోసం రాస్తున్నా. అక్కడ 1978 అక్టోబర్‌లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే 200 గ్యాలన్ల దాకా ఇంటి వాడకానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. రాష్ట్రాల్లో ఆఖరికి ఒప్పుకున్నవి మిసిసిపీ, అలబామా, అదీ 2013లో. ఆంధ్రాలో, తెలంగాణలో మాత్రం ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేయడం నేరం, అపార్ట్‌మెంట్ బాల్కనీలో ట్రై చేద్దాం లాంటి ఐడియాలు వద్దు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఏదైనా మైక్రోబ్రూవరీకి వెళ్ళి అక్కడి బ్రూవర్‌ని కదిపి చూడండి, ఖాళీగా ఉంటే చాలామంది గంటలు గంటలు చెప్తారు.

రెండుసార్లు ఎందుకంటారా, ఒకసారి మంచి బీరు రావడం ఎవరికైనా జరిగే పనే. ఈస్ట్, అంటే చక్కెరని తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి, చాలా మంచి ప్రాణి, మనం సగం సగం చేసినా తాగగలిగేది ఇచ్చేస్తుంది, దాన్ని చూసి మన టాలెంట్ అనుకుంటాం. కెన్ గ్రాస్‌మన్ అని కాలిఫోర్నియాలో చికో అనే ఊళ్ళో హోమ్‌బ్రూ సామాన్ల షాపు నడిపేవాడు, పాత డెయిరీ ట్యాంకులు తెచ్చి బిగించుకుని 1980లో సియెర్రా నెవాడా బ్రూవరీ పెట్టాడు. పేల్ ఏల్ రెసిపీ కుదిరాక కూడా మొదటి బ్యాచ్‌లు వరసపెట్టి పారబోశాడు, కారణం ఒకదానికొకటి ఒకేలా రాలేదని. ఇంట్లోవాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా తెచ్చిన డబ్బుతో నడిచే చిన్న బ్రూవరీలో తాగడానికి బానే ఉన్న బీరు పారబోయడమంటే ఆలోచించండి. అలాగే బడ్‌వైజర్‌ని నీళ్ళు నీళ్ళు అని మనం ఎగతాళి చేస్తాం గానీ బ్రూవర్లు చెయ్యరు, అంత పల్చటి బీరులో చిన్న తప్పు జరిగినా దాక్కోవడానికి చోటుండదు, దాన్ని వేరేవేరే ఊళ్ళలో వేరేవేరే నీళ్ళతో ఒకే రుచిలో తియ్యడం ఎంత కష్టమో వాళ్ళకి తెలుసు.

సరే, పనిలోకి దిగుదాం. రెసిపీలో ఒకటే మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఒకటే హాప్, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వు, ఒకటే ఈస్ట్. 5 గ్యాలన్లకి, అంటే దాదాపు 19 లీటర్లకి, అమెరికన్ పేల్ మాల్ట్ 4.5 కిలోలు, క్యాస్కేడ్ హాప్స్ 84 గ్రాములు, యూఎస్-05 డ్రై ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి, చివర్లో బాటిల్స్‌లో గ్యాస్ పుట్టడానికి కార్న్ షుగర్ 115 గ్రాములు. అంతే, ఇంకేం కలపకండి, ఎంత చెయ్యి దురద పెట్టినా సరే. క్యాస్కేడ్ ఎందుకంటే 1972లో ఒరెగాన్‌లో రిలీజ్ చేసిన హాప్ ఇది, అమెరికన్ పేల్ ఏల్‌కి ఆ పంపరపనస తొక్క గిల్లిన వాసన దీన్నించే వచ్చింది, పైగా ఎక్కడైనా దొరుకుద్ది. మాల్ట్ షాపులోనే మర పట్టించుకోండి, లోపలి గింజ రవ్వలా పగలాలి, మెత్తటి పిండి అయిపోకూడదు.

సామాన్లు: 40 లీటర్ల స్టీలు గిన్నె, అందులో పట్టే పెద్ద మెష్ సంచి, మంచి థర్మామీటర్, ద్రవంలో చక్కెర ఎంతుందో చూపించే హైడ్రోమీటర్, బీరు పులవడానికి, లోపలి గ్యాస్ బయటికి వదిలే ఎయిర్‌లాక్ ఉన్న 25 లీటర్ల పైన బకెట్ ఫర్మెంటర్, వేడి దించడానికి రాగి గొట్టం చుట్టిన చిల్లర్, స్టార్ శాన్ అనే శానిటైజర్, 355 మిల్లీల బ్రౌన్ బాటిల్స్ ఒక 53, మూతలు నొక్కే క్యాపర్. సంచిలో ధాన్యం వేసి నానబెట్టి సంచి పైకి తీసేసే ఈ పద్ధతి ఆస్ట్రేలియా వాళ్ళు పాపులర్ చేశారు, మూడు గిన్నెల సెటప్ కొనాల్సిన పని తప్పుద్ది. ప్రొపేన్ బర్నర్ వాడేటట్టయితే ఆరుబయటే పెట్టుకోండి, తలుపేసిన గరాజ్‌లో అస్సలు వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

నీళ్ళ దగ్గర ఆగాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ గానీ క్లోరమీన్ గానీ ఉంటుంది, అది ఫర్మెంటేషన్‌లో, అంటే పులిసేటప్పుడు, కలిసి బీరుకి బ్యాండ్ ఎయిడ్ వాసన, ఆసుపత్రి వాసన తెస్తుంది. మొత్తం నీళ్ళు 28 లీటర్లు తీసుకుని క్యాంప్‌డెన్ టాబ్లెట్ సగం నలిపి కలపండి, కాసేపట్లో క్లోరిన్ పోద్ది. కళ అనేవాళ్ళకి నేను ముందు చెప్పేది నీళ్ళ సంగతే, ఎందుకంటే ప్రపంచంలో గొప్ప బీర్లు చాలావాటిని ఆయా ఊళ్ళ నీళ్ళే మలిచాయి. ఇంగ్లండ్‌లో బర్టన్ ఆన్ ట్రెంట్ నీళ్ళలో జిప్సం అనే ఖనిజం ఎక్కువ, హాప్స్ చేదు కరకరలాడుతూ నిలబడుద్ది, అందుకే అక్కడి పేల్ ఏల్‌కి అంత పేరు. చెక్ దేశంలో పిల్సెన్ నీళ్ళు చాలా మెత్తన, అంటే ఖనిజాలు తక్కువ, 1842లో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ ఆ నీళ్ళతో లేత మాల్ట్ వాడి చేసిందే మొదటి పిల్స్‌నర్, ఈ రోజు మనం తాగే లాగర్లు చాలావరకు దాని పిల్లలే. మీ ఊరి నీళ్ళ రిపోర్టు ఆన్‌లైన్‌లో ఉంటుంది, మొదటి బ్యాచ్‌కి జిప్సం గొడవ అక్కర్లేదు గానీ రిపోర్టు మాత్రం దించి పెట్టుకోండి.

నీళ్ళు 70 డిగ్రీల సెల్సియస్‌కి రాగానే మంట తీసేసి సంచి పెట్టి మాల్ట్ కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా కలపండి. చల్లటి ధాన్యం పడ్డాక వేడి దాదాపు 67కి దిగుద్ది, అదే మనకి కావాల్సింది. మూత పెట్టి పాత దుప్పటి చుట్టేసి ఒక గంట వదిలెయ్యండి, దీన్నే మ్యాష్ అంటారు. ఈ గంటలో మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి, బీటా ఎమిలేజ్ అనేది 60 నుంచి 65 మధ్య హుషారుగా ఉంటుంది, అది చేసే చక్కెరని ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది, ఆల్ఫా ఎమిలేజ్ 70 దగ్గర బాగా పనిచేస్తుంది, అది వదిలే వాటిలో ఈస్ట్ తినలేనివి కొన్ని ఉంటాయి. కాబట్టి 64లో చేస్తే బీరు డ్రైగా, పల్చగా, 69లో చేస్తే నోట్లో నిండుగా ఉంటుంది. ఏ డిగ్రీ అన్నది మీ ఇష్టం, దాని మీద ఎవరూ మిమ్మల్ని ప్రశ్నించలేరు, కానీ 67 అని ఒకసారి అనుకున్నాక గంటసేపు 67 దగ్గరే ఉంచగలిగారా లేదా అన్నది ఇష్టానికి సంబంధించిన విషయం కాదు. ఈ వాదన మొత్తం నాకు ఇక్కడే కనిపిస్తుంది. గంట అయ్యాక సంచి పైకెత్తి కారనివ్వండి, కొంచెం పిండినా పర్లేదు, మిగిలిన పిప్పి కంపోస్ట్‌లో వెయ్యొచ్చు.

తియ్యటి ద్రవం మిగిలింది కదా, దాన్నే వర్ట్ అంటారు. మరిగించండి, గంటసేపు, మూత లేకుండా. మూత పెడితే ఉడికించిన మొక్కజొన్న వాసన తెచ్చే పదార్థం ఆవిరైపోకుండా లోపలే ఉండిపోద్ది. మొదట పొంగు వచ్చేటప్పుడు పక్కనే ఉండండి, ఫోన్ చూసుకునే టైం అది కాదు. మరుగు మొదలవగానే 28 గ్రాముల హాప్స్, ఇంకా పది నిమిషాలు ఉందనగా 28, మంట ఆపేశాక 28. ఎక్కువసేపు మరిగినవి చేదు ఇస్తాయి, చివర్లో పడ్డవి వాసన ఇస్తాయి, లాజిక్ అంతే. కుక్క ఉన్న ఇల్లయితే వాడేసిన హాప్స్ మడ్డి బయట పారెయ్యకండి, కుక్కలకి హాప్స్ విషం, ప్రాణాల మీదకి వస్తుంది.

మంట ఆపిన దగ్గర్నుంచి బీరుకి తగిలేవన్నీ శానిటైజ్ అయ్యుండాలి. ముందు కడగడం, తర్వాత శానిటైజ్ చేయడం, ఇవి రెండు వేరే పనులు, మురికి మీద శానిటైజర్ పోస్తే ఏం లాభం లేదు. స్టార్ శాన్ 19 లీటర్ల నీళ్ళకి 30 మిల్లీలు కలిపి తడిపితే చాలు, నురుగు ఉంటే ఉండనివ్వండి, ఆ నురుగు చూసి భయపడి కుళాయి నీళ్ళతో కడిగేవాళ్ళున్నారు, చేసిందంతా వేస్ట్. బ్రూ చేసే రోజులో సగం ఈ కడుగుడే, ఫోటోల్లో ఎవరూ పెట్టరు గానీ బ్రూవరీలో ఉద్యోగం అడిగితే ముందు చేతికిచ్చేది గొట్టమూ బ్రష్షూనే. చిల్లర్ గొట్టంలో నీళ్ళు వదిలి వర్ట్‌ని ఎంత తొందరగా అయితే అంత తొందరగా 20 డిగ్రీల లోపుకి దించండి, బకెట్‌లోకి పైనుంచి చప్పుడయ్యేలా పోయండి, గాలి కలవాలి. కొంచెం గ్లాసులో తీసి హైడ్రోమీటర్ పెడితే 1.050 దగ్గర చూపించాలి, రాసుకోండి.

ఇప్పుడు ఈస్ట్. ప్యాకెట్ చించి పైన చల్లేసి మూత పెట్టెయ్యడమే, పని అర నిమిషం, కానీ ఈ అర నిమిషం వెనక పెద్ద చరిత్ర ఉంది. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేం ఉండకూడదని చట్టం చేశారు, అందులో ఈస్ట్ పేరే లేదు, అప్పటికి ఆ ప్రాణి సంగతి ఎవరికీ తెలీదు. పాశ్చర్ 1876లో బీరు మీద పుస్తకం రాసి బీరు చెడిపోవడానికి సూక్ష్మజీవులు కారణమని చూపించాడు, 1883లో కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో ఎమిల్ హాన్సెన్ ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచాడు. అప్పటిదాకా బ్రూవర్ బ్యాచ్ బ్యాచ్‌కీ లక్ మీద ఆధారపడ్డవాడే. మన కల్లు ఇప్పటికీ ఆ పాత పద్ధతే, ఎవరూ ఈస్ట్ వెయ్యరు, లొట్టి చెట్టు మీద ఉండగానే పులవడం మొదలవుద్ది, పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడిపోద్ది, పులవకూడదనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. గీత కార్మికుడి చేతిలో ఉన్నవి గీసే కత్తి, లొట్టి శుభ్రం, దించే టైము, వాటితోనే రోజూ ఒకేలాంటి కల్లు దించేవాడికి ఊళ్ళో పేరుంటుంది. ఆయన్ని ఎవరైనా కళాకారుడివా అని అడిగారా ఎప్పుడైనా?

ఫర్మెంటేషన్ టెంపరేచర్, హోమ్‌బ్రూలో మంచి బీరుకీ చెత్త బీరుకీ మధ్య నాకు తెలిసిన అతి పెద్ద తేడా ఇదే, కొత్త గిన్నెలు కొనే డబ్బు దీని మీద పెట్టండి. యూఎస్-05కి 18, 19 డిగ్రీలు హాయి. గది టెంపరేచర్ చూసి సరిపెట్టుకోకండి, ఈస్ట్ పనిచేస్తున్నప్పుడు వేడి పుట్టుద్ది, లోపల గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, బకెట్‌కి స్టికర్ థర్మామీటర్ అంటించి అది చూడండి. పాత ఫ్రిజ్‌కి కంట్రోలర్ పెట్టుకుంటే బెస్ట్, లేదంటే బకెట్‌ని పెద్ద టబ్బు నీళ్ళలో పెట్టి గడ్డకట్టించిన వాటర్ బాటిల్స్ పొద్దునా సాయంత్రం మారుస్తుండండి, మొదటి మూడు నాలుగు రోజులు ముఖ్యం. డాలస్, ఫీనిక్స్ ఎండల్లో ఇది కుదరదు అనుకునేవాళ్ళకి నార్వే పల్లెల్లో రైతులు తరతరాలుగా దాచుకున్న క్వైక్ ఈస్ట్‌లు ఉన్నాయి, వోస్ రకం 35 దాటినా హ్యాపీగా పనిచేస్తుంది, కాకపోతే నారింజ వాసన ఇస్తుంది, ఈ టెస్ట్‌కి అది వాడితే రెండుసార్లూ అదే వాడండి.

రెండు వారాలు ముట్టుకోవద్దు. తర్వాత హైడ్రోమీటర్ పెడితే 1.010 దగ్గరికి వచ్చుండాలి, రెండు మూడు రోజులాగి మళ్ళీ చూస్తే అదే నంబర్ ఉండాలి. దిగుతూనే ఉంటే బాటిల్స్‌లో పొయ్యకండి, గాజు పేలుద్ది, ఇది జోక్ కాదు. మొదటి రీడింగ్‌లోంచి రెండోది తీసేసి 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, మనకి 5.25. కార్న్ షుగర్ రెండు కప్పుల నీళ్ళలో మరిగించి చల్లార్చి కలిపి, అడుగు మడ్డి కదలకుండా తేటంతా బాటిల్స్‌లోకి తీసి మూతలు నొక్కండి, 21 డిగ్రీల దగ్గర ఇంకో రెండు వారాలు. బాటిల్స్ చీకట్లో పెట్టండి, వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థం విరిగి స్కంక్ అనే జంతువు వదిలే కంపు వస్తుంది. బ్రౌన్ గాజు వాడేది అందుకే.

ఇదంతా చేస్తున్నప్పుడు ఒక నోట్‌బుక్ పక్కన ఉండాలి: మాల్ట్ ఏ కంపెనీ, హాప్ ప్యాకెట్ మీద ఆల్ఫా శాతం, అంటే చేదు ఇచ్చే పదార్థం ఎంత, మ్యాష్ మొదట్లో ఎంత డిగ్రీలు చివర్లో ఎంత, మరిగాక ఎన్ని లీటర్లు మిగిలింది, ఈస్ట్ వేసినప్పుడు వేడి ఎంత, రోజుకి రెండుసార్లు బకెట్ స్టికర్ ఎంత చూపించింది. మొదటి బ్యాచ్‌లో ఒక డజను బాటిల్స్ రెడీ అవగానే ఫ్రిజ్‌లో దాచెయ్యండి, చల్లగా ఉంటే తొందరగా ముసలిదవ్వదు. మిగిలినవి తాగండి, పంచండి.

రెండో బ్యాచ్ ఇక్కడ మొదలవుద్ది, చాలామంది ఇక్కడే బోర్ కొట్టి మామిడిపండు వైపు వెళ్ళిపోతారు. అదే బీరు రావాలంటే అదే కాగితం ఫాలో అయితే చాలనుకుంటాం, చాలదు. హాప్స్ పంట ప్రతి ఏడూ ఒకలా ఉండదు, పోయినసారి ప్యాకెట్ మీద ఆల్ఫా 6 శాతం ఉండి ఈసారి 7 ఉందనుకోండి, మొదట్లో వేసే 28 గ్రాములు 24కి తగ్గించాలి, లేకపోతే చేదు పెరిగిపోద్ది. మాల్ట్ కొత్త బస్తా అయితే 1.050 బదులు 1.047 రావచ్చు, అప్పుడు ఇంకాసేపు మరిగించి నీళ్ళు తగ్గించుకోవాలి. బయట చలి పెరిగి ఉంటే 70 డిగ్రీల నీళ్ళు 67 దగ్గర ఆగకుండా 65కి పడిపోతాయి, కాబట్టి మొదట్లో 72 పెట్టుకోవాలి. అంటే ఒకే బీరు రావడానికి రెసిపీ మార్చాల్సి వస్తుంది! పెద్ద బ్రూవరీల్లో జరిగేది ఇదే, వేరేవేరే పంటల హాప్స్, వేరేవేరే బస్తాల మాల్ట్ కలిపి కలిపి ఒకే చోటికి తెస్తారు. ఏది ఎంత మార్చాలో తెలియడం పుస్తకంలో ఉండదు, మీ గిన్నె, మీ బర్నర్, మీ గరాజ్ మీకు అలవాటై రావాల్సిందే.

రెండోది రెడీ అయ్యాక టెస్ట్. మీరు పొయ్యకండి, ఇంకొకళ్ళ చేత పోయించండి. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు, రెండిట్లో ఒక బ్యాచ్, మూడోదాంట్లో ఇంకో బ్యాచ్, ఏది వేరుగా ఉందో చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు మంది కరెక్ట్ చెప్తారు, కాబట్టి ఇద్దరు ముగ్గురితో పెడితే ఏం తెలీదు, 12 మందిని పిలిస్తే లక్ లెక్కలో నలుగురు, 8 మంది కరెక్ట్ చెప్తే తేడా నిజంగా ఉన్నట్టే. స్టాటిస్టిక్స్‌లో మనం చచ్చేట్టు బట్టీపట్టిన టీ-టెస్ట్ కూడా బీరు పుణ్యమే తెలుసా, గిన్నిస్‌లో పనిచేసిన విలియం గాసెట్ కొద్దిపాటి శాంపిల్స్‌తో బార్లీ గురించీ హాప్స్ గురించీ తేల్చుకోవాల్సి వచ్చి లెక్క కట్టాడు, ఉద్యోగులు సొంత పేరుతో అచ్చు వేయించకూడదని కంపెనీ రూల్ కాబట్టి 1908లో స్టూడెంట్ అనే పేరుతో వేశాడు.

తేడా దొరికితే అది ఏంటో ముక్కుతో వెతకండి. పాప్‌కార్న్ వెన్న వాసన అంటే ఈస్ట్ పని పూర్తి కాకుండా తీసేశారు. పచ్చి యాపిల్ వాసన అంటే బీరు ఇంకా లేతది. పులుపు అంటే ఎక్కడో కడగడం సరిగ్గా జరగలేదు, బకెట్‌కి ట్యాప్ ఉంటే అది విప్పి లోపల చూడండి. చేదు ఒక్కటే తేడా అయితే హాప్ ప్యాకెట్ లెక్క.

మరి కళ లేదా అంటే, ఉంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ చేసేవాళ్ళు చలికాలంలో వేడి వర్ట్‌ని రాత్రంతా తెరిచి ఉంచి గాల్లో ఉన్న ఈస్ట్‌తోనే పులియబెడతారు, ఏ పీపా ఎలా వస్తుందో వాళ్ళకే తెలీదు, తర్వాత ఏడాదిది, రెండేళ్ళది, మూడేళ్ళది రుచి చూసి కలిపి గూజ్ అనే బీరు చేస్తారు. ఏ పీపాలోంచి ఎంత అనేదానికి హైడ్రోమీటర్ ఏం చెప్పదు, కలిపేవాడి నాలుకే చెప్పాలి. దాన్ని కళ అనకపోతే ఇంక దేన్నంటాం. కానీ ఆ మనిషి ఎన్నేళ్ళు పీపాలు కడిగాక అక్కడ నిలబడ్డాడో కూడా చూడాలి. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడలేనివాడు రాగం ఆలాపన మొదలుపెడితే ఎలా ఉంటుందో, మొదటి బ్యాచ్‌లోనే యాలకుల స్టౌట్ అలా ఉంటుంది.

12 మందిలో ఎక్కువమంది తేడా పట్టలేకపోతే మూడో బ్యాచ్‌కి మీకు స్వేచ్ఛ వచ్చినట్టే, అయితే ఒక్కటే మార్చండి. నా సలహా ఈస్ట్. అదే 19 లీటర్ల వర్ట్ చేసి రెండు బకెట్లలో సగం సగం పోసి, ఒకదాంట్లో యూఎస్-05, రెండోదాంట్లో మిరియాలు లవంగాల వాసనిచ్చే టీ-58 లాంటి బెల్జియన్ రకం వెయ్యండి, మిగతాదంతా ఒకటే, ఒకే టబ్బులో పక్కపక్కన పెట్టండి. నెల తర్వాత రెండూ రెండు వేరే దేశాల బీర్లలా ఉంటాయి. ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో నోట్‌బుక్‌లో ఒక్క లైను రాసుకోండి, నాలుగో బ్యాచ్‌లో మ్యాష్ 64 పెట్టాలా 69 పెట్టాలా అన్నది ఆ లైను చూసి డిసైడ్ చేసుకోండి.